హద్దు గోడ పక్కన ఉయ్యాల

లాన్‌మోయ్ ఆంటీ ఇంట్లో గోడ కూస్తుంది. అలంకారానికి అనడం లేదు. మా వీధిలో ఇళ్ళన్నీ భుజాలు రాసుకుంటూ ఒకే వరసలో ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే ఇటుక గోడ. ఇటు మేకు కొడితే అటు సున్నం రాలుతుంది. ఆంటీ ఇంటి కుడిపక్క గోడకు అవతల ఇప్పుడు మనుషులు లేరు. ఆ ఇంటి కిటికీలన్నీ ఇటుకలతో పూడ్చేసి, పై అంతస్తులో మాత్రం పిట్ట దూరేటంత కంతలు వదిలారు. లోపల చీకటి, చెమ్మ, మడమల్లోతు రెట్ట. ఆ రెట్ట మధ్య పొద్దస్తమానం పిట్టకూతలు పలికే స్పీకర్లు.

మా ఊరు సితియావాన్ పట్టణం దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది. వాలిట్ పిట్టల వ్యాపారం తెలియనివాళ్ళు ఇక్కడ లేరు. ఆ నల్లటి చిన్న పిట్ట పుల్లలతోనో మట్టితోనో గూడు కట్టదు, తన ఉమ్మితో కడుతుంది. ఆ ఉమ్మి గోడకు ఎండాక గీకి తీసి, అంటుకున్న ఈకలు ఏరి, కలకండ వేసి ఉడికించి తాగుతారు. ఒంటికి నిగారింపు వస్తుందట, ఆయుష్షు పెరుగుతుందట. పక్కవాడి ఎంగిలి గ్లాసు కడగనిదే ముట్టని పెద్దమనుషులు పిట్ట ఎంగిలిని వెండి చెంచాతో జుర్రుకుంటారు. దాని ధర వింటే మనకు కళ్ళు తిరుగుతాయి, వాళ్ళకు నోరూరుతుంది. తాగితే తాగారు, వాళ్ళ నోరు వాళ్ళిష్టం. కానీ ఆ ఉమ్మి కోసం మా చెవుల్లో ఇరవైనాలుగు గంటలూ కూతలు పోయడమేమిటి?

స్పీకరు ఒక్క సాయంత్రం ఆగినా పిట్టలు పక్కవాడి మేడకు వెళ్ళిపోతాయని ఇక్కడి పిట్టమేడల యజమానులు గట్టిగా నమ్ముతారు. అందుకని ఒకడు గొంతు పెంచితే ఇంకొకడు ఇంకాస్త పెంచుతాడు. ముందు తగ్గించేవాడు మాత్రం పుట్టలేదు. ఇలా ఒక్కొక్కటే మొదలై మా వీధిలో ఆరు మేడలు లేచాయి. చిర్‌ర్‌ర్, టిక్ టిక్ టిక్. చెవిలో పురుగు దూరి రెక్కలు కొట్టుకున్నట్టు ఉంటుంది. ఆరేసిన బట్టల మీద, వాననీళ్ళ తొట్టిలో, పిల్లల సైకిలు సీటు మీద రెట్ట. వాసన సంగతి రాయను, అన్నం తింటూ చదివేవాళ్ళు ఉంటారు.

లాన్‌మోయ్ ఆంటీది ఫూచౌ చైనీయుల కుటుంబం. రబ్బరు చెట్లు గీసుకునే ఇంట్లో పుట్టి, రొయ్యల లారీ నడిపేవాణ్ణి చేసుకుని, అతను పోయాక పసిపిల్లల్ని చూసుకునే పనికి దిగింది. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున్నే బిడ్డను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టి వెళ్తారు. మధ్యలో దూలానికి స్ప్రింగు, ఆ స్ప్రింగుకు సరోంగ్ లుంగీతో కట్టిన ఉయ్యాల. ఒక చేత్తో ఉయ్యాల లాగుతూ రెండో చేత్తో జావ కలుపుతుంది. మనిషి పొట్టి, మాట కరకు. తల్లులను తిడుతుంది, పిల్లలను తిట్టదు. మా చిన్నమ్మాయి కూడా అక్కడే పెరిగింది. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి దాని నోట్లో కొంపియా రొట్టె ముక్క ఉండేది, దాని తల నీట్‌గా దువ్వి ఉండేది. "మీ ఇంట్లో దువ్వెన లేదా?" అని నన్ను అడిగేది ఆంటీ. ఉంది, టైమే లేదు అంటే, "దువ్వెన కొనుక్కునే టైము ఉంది గదా" అనేది.

గోడ అవతలి ఇల్లు తింగ్ వాళ్ళది. వాళ్ళ అబ్బాయి కోక్ సియోంగ్ కూడా అదే సరోంగ్‌లో ఊగాడు. వాడు పుట్టిన బాలింత రోజుల్లోనే తల్లికి జబ్బు చేస్తే ఆంటీ కోడికూరలో ఎర్రసారా పోసి సేమియా వండి పంపింది, బిడ్డను తన దగ్గరే పెట్టుకుంది. వాడు పెద్దై, తండ్రి పోయాక, ఆ ఇంటిని పిట్టలకు వదిలి లుముత్ వైపు సముద్రం ఒడ్డున కాపలా గేటున్న కాలనీకి మారిపోయాడు. అక్కడ హారన్ కొడితే కాపలావాడు వచ్చి ఎందుకు కొట్టావని అడుగుతాడు. ఆ కాలనీలో కుక్క అరిచినా ఫిర్యాదు పెట్టొచ్చు. తాను నిశ్శబ్దంలో పడుకుని, తన వ్యాపారాన్ని మా చెవుల పక్కన పడుకోబెట్టాడు.

మొదట బయటి స్పీకరు ఒకటే ఉండేది. తర్వాత గోడ పొడవునా లోపల కూడా బిగించారు. లోపలికి చేరిన పిట్టలు గూట్లోనే నిలవాలట, పిల్లకూనలు అలవాటు పడాలట. అప్పటి నుంచి ఆంటీ ఇంట్లో పిల్లలు నిద్రపోవడం మానేశారు. కళ్ళు మూతలు పడతాయి, ఉలిక్కిపడతారు, ఏడుస్తారు. అప్పుడు ముగ్గురు పసివాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళలో చిన్నది యశ్విని. క్లినిక్‌లో నర్సుగా చేసే తేన్‌మొళి కూతురు. ఒకరోజు సాయంత్రం తేన్‌మొళి బిడ్డను ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆంటీ, ఇంటికెళ్ళాక ఇది రాత్రంతా గుక్కపెట్టి ఏడుస్తోంది. నేను డ్యూటీలో సూది పట్టుకునే కునికిపాట్లు పడుతున్నాను. ఈ నెలాఖరు దాకా చూస్తాను."

"ఆ తర్వాత?"

"ఏం చెయ్యమంటారు? మిమ్మల్ని వదలడం నాకిష్టమా?"

ఆంటీ లోపలికి వెళ్ళి యశ్విని చెప్పులు తెచ్చి తొడిగింది. పిల్లలు పోతే ఆమెకు తిండి పోతుంది, అది ఒకటి. పిల్లల్లేని ఇంట్లో ఆ మనిషి ఏం చేస్తుందో మాలో ఎవరికీ ఊహకు అందలేదు, అది రెండోది.

మేం నలుగురం కలిసి పట్టణ మండలికి ఫిర్యాదు పెట్టాం. సంతకాలకు తిరిగితే సగం గుమ్మాలు మూసుకున్నాయి. ఒకాయన బావమరిదికి మేడ ఉంది, ఇంకొకాయన గూళ్ళ నుంచి ఈకలు ఏరే పని ఇంటికి తెచ్చుకుంటాడు. "అలవాటైపోతుందిలే" అన్నారు. రెట్ట వాసనకు అలవాటైన ముక్కుకు అంతకంటే ఏం తోస్తుంది?

మండలి నుంచి కొలవడానికి వచ్చింది ఎంచిక్ రిదువాన్, అంటే రిదువాన్ గారు. మర్యాదస్తుడే. పల్చటి మీసం, ఇస్త్రీ చొక్కా, చేతిలో చప్పుడు కొలిచే యంత్రం. దాని మూతికి నల్లటి స్పాంజి బంతి తొడిగి, మూడుకాళ్ళ మీద నిలబెట్టి, తింగ్ వాళ్ళ గేటు ముందు వీధిలో పెట్టాడు. స్థలం హద్దు దగ్గర కొలవాలని రూలు. సియోంగ్ కూడా కారులో దిగాడు, చల్లద్దాలు పెట్టుకుని.

ముందు స్పీకరు మోగుతుండగా కొలిచాడు. తర్వాత ఆపమన్నాడు. సియోంగ్ పైకెక్కి బయటి స్పీకరు ఒక్కటి ఆపి, నీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టినవాడిలా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎక్కడ ఒక్క పిట్ట పక్కమేడకు మళ్ళుతుందోనని. రిదువాన్ చెయ్యి ఊపగానే మళ్ళీ వేసేశాడు.

"ఎంత వచ్చింది ఎంచిక్?" అడిగింది ఆంటీ.

"మోగుతుంటే డెబ్భై మూడు. ఆపితే డెబ్భై ఒకటి."

"ఆపినా డెబ్భై ఒకటా? అదెక్కడి నుంచి వచ్చింది?"

రిదువాన్ వీధి చివరి దాకా చూపు తిప్పాడు. మిగతా అయిదు మేడలూ మోగుతూనే ఉన్నాయి. "పరిసరాల్లో మామూలుగా ఉండే చప్పుడు కంటే మరీ ఎక్కువైతేనే తప్పు ఆంటీ. ఈయన కలిపింది రెండే."

"మామూలుగా ఉండేదా? ఇది మామూలా? అందరూ కలిసి నా గొంతు పిసుకుతుంటే, వీడి చెయ్యి కలవడం వల్ల పెద్ద తేడా రాలేదంటారా?"

"నాకిచ్చిన పద్ధతి అది ఆంటీ. దాన్ని పరిసర శబ్దం అంటాం."

"దానికి ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు."

సియోంగ్ నవ్వాడు. "చూశావా ఆంటీ, నేనేం తప్పు చేయట్లేదు. నీకు వయసైంది, చెవులు సున్నితమయ్యాయి."

"వయసైతే చెవులు మందగిస్తాయిరా. సున్నితం కావు."

ఆరుగురు నేరం చేస్తే ఆరోవాడి నేరాన్ని మిగతా అయిదుగురి నేరం మీద పెట్టి కొలిచే చట్టం ఇది. అయినా రిదువాన్ మీద కాదు నా కోపం. ఎండలో నిలబడి అతని చొక్కా తడిసిపోయింది. ఆంటీ కూడా అది చూసినట్టుంది. "లోపలికి రండి, కాఫీ తాగి వెళ్ళండి" అంది, తిట్టినంత కరుగ్గా.

లోపల యశ్విని ఉయ్యాల్లో మూలుగుతోంది. వీధి గోల రాకుండా ఆంటీ తలుపు వేసింది. రిదువాన్ యంత్రాన్ని మైలో డబ్బాల అరమీద పెట్టి నల్లకాఫీ అందుకున్నాడు. యంత్రం కట్టేయడం మరిచిపోయాడు. ఆ అర కుడిపక్క గోడకు ఉంది. తాగుతూ తాగుతూ అతను ఆ అంకెలకేసి చూశాడు. కప్పు దించాడు. యంత్రం తీసుకుని ఎడమగోడ దగ్గరికి వెళ్ళాడు, తగ్గింది. మళ్ళీ కుడిగోడ వైపు నడిచాడు. అడుగు అడుగుకీ పెరిగింది.

"ఇక్కడికి వీధి చప్పుడు రావట్లేదు" అన్నాడు తనలో తాను. "ఇది గోడలోంచే."

"నేను ఇన్నాళ్ళూ చెప్తున్నది అదేగా."

"కానీ ఆంటీ, నేను హద్దు దగ్గరే కొలవాలి." అని ఆగిపోయాడు. గోడ మీద అరచెయ్యి పెట్టాడు. "ఈ గోడ ఎవరిది?"

"సగం నాది, సగం వాడిది. వరస ఇళ్ళల్లో అంతేగా ఎక్కడైనా."

రిదువాన్ నవ్వాడు, తన మీద తనే నవ్వుకున్నట్టు. హద్దు అంటే గేటు అనే మండలిలో అందరి లెక్క. బంగళాలున్న కాలనీలో నేర్చిన పద్ధతిని తెచ్చి గోడలు అంటుకున్న వరస ఇళ్ళకు తొడిగారు. ఇన్నేళ్ళూ ఎవరూ ఈ గోడ వైపు యంత్రం తిప్పలేదు.

అతను బయటికి వెళ్ళి సియోంగ్‌ను లోపలి స్పీకర్లు ఆపమన్నాడు. సియోంగ్ నవ్వు పోయింది.

"లోపల గుడ్లున్నాయి ఎంచిక్. ఆపితే తల్లిపిట్టలు బెదిరిపోతాయి."

"ఆపకపోతే, ఆపనన్నారని రాసుకుంటాను."

ఆపాడు. ఆ గదిలో ఉన్నట్టుండి మిగిలినదేమిటో నాకు మొదట తెలియలేదు. ఉయ్యాల స్ప్రింగు కిర్రుమనడం వినబడింది. కుళాయి బొట్టు వినబడింది. యశ్విని మూలగడం ఆపింది. ఆంటీ ఉయ్యాల లాగుతున్న చెయ్యి ఆపేసి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. యంత్రం నలభై నాలుగు చూపించింది. మళ్ళీ స్పీకర్లు వేశాక అరవై ఆరు. పిల్ల కెవ్వుమంది.

గోడ పొడవునా ఉన్న స్పీకర్లు తీసేయాలని, నెలలోగా చప్పుడు తగ్గించాలని మండలి ఉత్తర్వు వచ్చింది. మేం సంబరపడ్డాం. తేన్‌మొళి బిడ్డను అక్కడే ఉంచింది.

ఆ వారంలో సియోంగ్ బంగారు రిబ్బను కట్టిన పెట్టె పట్టుకుని వచ్చాడు. నేను మా చిన్నదాన్ని ట్యూషనుకు పంపి వచ్చి ఆంటీ వరండాలో కూర్చుని ఉన్నాను.

"మంచి గూళ్ళు ఆంటీ. నీకోసం ఏరి తెచ్చాను. ఒంటికి మంచిది."

"తీసుకుపో. పిట్ట ఉమ్మిన దాన్ని నేను మింగను."

"నువ్వు పెంచిన చేత్తోనే నా పొట్ట కొడతావా?"

"నీ పొట్ట ఎక్కడ కొట్టానురా? స్పీకరు తియ్యమన్నాను."

"స్పీకరు తీస్తే పిట్టలు పోతాయి. పిట్టలు పోతే నేను పోతాను. నేనూ ఈ ఇంట్లోనే పడుకున్నానుగా చిన్నప్పుడు. ఏడిస్తే ఏమైంది? పిల్లలన్నాక ఏడుస్తారు."

"నువ్వు పడుకున్నప్పుడు ఆ గోడ అవతల మీ నాన్న ఉన్నాడు. నీకు జ్వరమొస్తే రేడియో కట్టేసుకునేవాడు. నేను అడగలేదు, తనే కట్టేసేవాడు."

సియోంగ్ పెట్టె అక్కడే వదిలి వెళ్ళాడు. ఆంటీ దాన్ని గేటు బయట గోడ మీద పెట్టింది. తెల్లారేసరికి ఎవరో తీసుకుపోయారు. మా వీధిలో దేనికైనా గిరాకీ ఉంది.

కొన్నాళ్ళు గోడ మెత్తబడింది. పిల్లలు మధ్యాహ్నాలు పడుకున్నారు. ఆంటీ మళ్ళీ తల్లులను తిట్టడం మొదలుపెట్టింది, అదే మాకు శుభవార్త. అప్పుడు క్లాంగ్ నుంచి ఆమె బావగారి ఫోను వచ్చింది. ఆ ఇల్లు ఆయన పేరు మీద ఉంది. తమ్ముడు పోయినప్పటి నుంచి నామమాత్రపు అద్దెకు మరదల్ని ఉండనిచ్చాడు.

"లాన్‌మోయ్, ఇల్లు అమ్మేశాను. మంచి బేరం వచ్చింది. నీకూ కొంచెం ఇస్తాలే."

"ఎవరికి బావా?"

ఆయన దగ్గాడు. "నీకు తెలిసినవాళ్ళకే."

రిదువాన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి యంత్రం తేలేదు. గుమ్మంలో చెప్పులు విప్పి, కూర్చోకుండా, చెప్పాల్సింది చెప్పాడు.

"రెండు స్థలాలూ ఒకరివే అయ్యాయి ఆంటీ. ఈ గోడ ఇప్పుడు హద్దు కాదు. ఎడమవైపు గోడ హద్దు. అక్కడ అంత చప్పుడు రాదు. ఫిర్యాదు కొట్టేశారు."

"మరి నేను? ఈ పిల్లలు?"

"మీరు... ఆయన స్థలం లోపల ఉన్నారు."

"స్థలం లోపల ఉంటే వినబడదా?"

నేను ఉండబట్టలేక అడిగాను, ఎంచిక్, మీ చట్టం భూమి అంచున కాపలా కాస్తుందా, మనిషి చెవి దగ్గరా అని. అంచునే అన్నాడు, నిజాయితీగా. అతన్ని ఏమనగలను? ఆ రూలు రాసినవాళ్ళ ఊహలో భూమి ఉన్నవాడే పొరుగువాడు. అద్దెకున్నవాళ్ళు, పసిపిల్లలు, రోగులు ఆ పొరుగువాడి సామాను కింద లెక్క. డబ్బున్నవాడు చప్పుడు తగ్గించనక్కర్లేదు, హద్దును జరిపితే చాలు. ఇంత కుళ్ళు ఆలోచనను ఆపడానికి ఆ కాగితాల్లో ఒక్క మాట కూడా లేదు. ఇలాంటి రూలును మార్చమని అడగకుండా, ఇదేలే పద్ధతి అనుకునే మా వీధి మనుషులను చూస్తే నాకు పిట్టరెట్ట మీద అడుగేసినట్టు ఉంటుంది.

ఆంటీ ఇంకా సామాను సర్దుకోకముందే సియోంగ్ పనివాళ్ళను తెచ్చాడు. సుత్తెలతో ఆ కుడిగోడకే పెద్ద కంత కొట్టించాడు. ఇటుకలు మైలో డబ్బాల మీద పడ్డాయి. కంతలోంచి అవతలి వాసన ఇల్లంతా నిండింది, చెమ్మ, బొద్దింకలు, పులిసిన రెట్ట. ఆంటీ యశ్వినిని చంకనేసుకుని, దాని ముక్కుకు తన గుడ్డ అడ్డం పెట్టి నిలబడింది.

సియోంగ్ దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. "ఆంటీ, నిన్ను పొమ్మనలేదు నేను. కింద గది ఉంచుకో. అద్దె వద్దు. గూళ్ళలో ఈకలు ఏరడానికి నాకు మనిషి కావాలి, నీ కళ్ళు ఇంకా బాగున్నాయి. లోపల కొంచెం ఊడవాలి, అంతే. పిల్లల గొడవ దేనికి నీకు ఈ వయసులో?"

ఆంటీ అతన్ని పైనుంచి కింది దాకా చూసింది.

"నీ ముడ్డి కడిగాను నేను. నువ్వు పసివాడివి, నీకు చేతకాదు కాబట్టి కడిగాను. ఇప్పుడు నీ పిట్టల రెట్ట కూడా నన్నే కడగమంటున్నావు. అప్పుడు నాకు అసహ్యం వెయ్యలేదురా."

పనివాళ్ళు సుత్తెలు దించి నేలకేసి చూశారు. సియోంగ్ ఫోను మోగినట్టు చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. మోగలేదది. నేను పక్కనే ఉన్నాను.

ఊరి చివర పామాయిల్ తోట అంచున చెక్క ఇల్లు ఒకటి ఖాళీగా ఉందని తెలిసింది. చుట్టూ జాగా, ఏ గోడా ఎవరి గోడనూ అంటుకోదు. ఆంటీ అడ్వాన్సు ఇవ్వనంది. "ముందు రిదువాన్‌ను పిలవండి" అంది. అతను సెలవు రోజున బైకు మీద వచ్చాడు, యంత్రం సంచిలో పెట్టుకుని. ఇక్కడ కొలవమని మండలి చెప్పలేదు, ఈ అంకె ఏ కాగితం మీదికీ ఎక్కదు. అయినా చొక్కా ఇస్త్రీ చేసుకునే వచ్చాడు.

"హద్దు ఎక్కడ పెట్టమంటారు ఆంటీ?"

"హద్దు ఎవడిక్కావాలి? ఉయ్యాల దగ్గర పెట్టు."

దూలానికి స్ప్రింగు తగిలించి, సరోంగ్ ముడివేసి, తేన్‌మొళి చేతుల్లోంచి యశ్వినిని తీసుకుని అందులో వేసింది. మిగతా ఇద్దరి తల్లులూ రాలేదు. అంత దూరం తెచ్చి దింపడం కుదరదన్నారు, వాళ్ళ తప్పు కాదు. క్లినిక్ నుంచి చూస్తే తేన్‌మొళికీ దూరమే, పొద్దున్నే ఇంకాస్త ముందు లేవాలి. ఆమె గుమ్మంలో గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది.

ఆంటీ లాగింది, వదిలింది. స్ప్రింగు కిందికీ పైకీ ఆడింది. తోటలో ఎండుమట్ట ఒకటి రాలింది, దూరంగా లారీ పోయింది. యశ్విని గుప్పిట విప్పింది. నోరు కొంచెం తెరుచుకుంది.

రిదువాన్ యంత్రం మీదికి వంగి, సంతోషంగా తల ఎత్తాడు. "ఆంటీ, ముప్ఫై—"

"గట్టిగా మాట్లాడకు," అంది ఆంటీ గుసగుసగా. "పడుకుంది."